ఏడో నంబరుకి నా ఓటు

సోమవారం

రాయండి. ముందు పైన పెద్దక్షరాలతో "ఇది ఎవరూ చదవకూడదు" అని రాయండి. రాసేది మీరే కాబట్టి మీరు లెక్కలోకి రారు. నవ్వకండి, నవ్వితే అక్షరాలు వంకరపోతాయి.

నాకు చదవడం రాదు, రాయడం రాదు, బొటనవేలి ముద్ర తప్ప ఈ చేతికి ఏ విద్యా లేదు. అలాంటి నన్ను ఇవాళ యూనివర్సిటీ వాళ్ళు కారు పంపించి తీసుకెళ్ళారు. గుండ్రటి బల్ల దగ్గర కూచోబెట్టారు. ముందు నీళ్ళ సీసా పెట్టారు. "మెంబరుగారూ" అన్నారు. నేను వెనక్కి తిరిగి చూశాను, ఎవర్నా అని. వెనక గోడ ఉంది. అంటే నన్నే!

మన వీధి చివర ఖాళీ మైదానంలో కొత్త యూనివర్సిటీ కడతారట. ఇవాళ ఉయ్యాల్లో ఉన్న పిల్లలు చదువుకునే నాటికి ఎలా ఉండాలో అలా ఉండాలట. అందుకని భవనాలు గీసేవాళ్ళకి పోటీ పెట్టారు. వచ్చిన వాటిలో ఒకటి ఏరడానికి ఐదుగురు. ఆ ఐదుగురిలో ఒకరు ఇరుగుపొరుగువాళ్ళై ఉండాలని రూలు. వీధిలో ఇళ్ళన్నిటికీ చీటీలు వేసి తీస్తే మన ఇల్లు వచ్చింది. ఇల్లు నా పేరున ఉంది. మా మావగారు వెళ్ళిపోతూ, కొడుకుని నమ్మక నా పేరున పెట్టి వెళ్ళారు. అదీ రాయండి. మీ నాన్నే కదా, రాయడానికేం?

రెండు రూల్స్ చదివి వినిపించారు. ఒకటి, లోపల మాట బయట పొక్కకూడదు. మొగుడికి చెప్తే బయట చెప్పినట్టు కాదు, కాబట్టి మీకు చెప్తున్నా. రెండోది, మనవాళ్ళెవరూ పోటీలో ఉండకూడదు. ఉంటే వాళ్ళ బొమ్మ తీసి పక్కన పడేస్తారు. "మీ వాళ్ళు ఎవరైనా ఉన్నారామ్మా?" అన్నారు. "మా ఇంట్లో పోటీకి నేను తప్ప ఎవరూ లేరు" అన్నాను. ముద్ర వేశాను.

ఈయనకి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. నీళ్ళు తాగొచ్చి రాయండి.

మంగళవారం

ఏం జరగలేదు. అయినా కాలు ఒకచోట నిలవడం లేదు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు, అది వేరేవాళ్ళ సంగతి.

కోడలితో మాత్రం కంటి డాక్టరు దగ్గరికి వెళ్తున్నానని చెప్పాను. వారంలో రెండు మూడుసార్లు వెళ్ళాలని కూడా చెప్పాను. నమ్మింది. పాపం, చదువుకున్నవాళ్ళు తొందరగా నమ్ముతారు.

బుధవారం

ఎక్కడ మొదలెట్టమంటారు? ఊపిరి ఆడట్లేదు.

పెద్ద హాలు. పొడుగాటి బల్లల మీద అట్టతో, చెక్కతో, అద్దంతో చేసిన బుల్లి బుల్లి యూనివర్సిటీలు! వాటికి మెట్లున్నాయి, కిటికీలున్నాయి, గోరంత మనుషులున్నారు, దూదితో చేసిన చెట్లున్నాయి. ఎవరు చేశారో రాయలేదు, నంబర్లే. పేర్లు సీలు వేసిన కవర్లలో ఉన్నాయట. నాకు ఒళ్ళో పెట్టుకుని ఆడుకోవాలనిపించింది. తాకకూడదన్నారు. కాసేపు చేతులు వెనక్కి కట్టుకుని తిరిగాను. తర్వాత మర్చిపోయాను.

మిగతా నలుగురూ వీళ్ళు. అధ్యక్షులవారు, జుట్టంతా తెల్లగా, మాట మెత్తగా ఉండే పెద్దాయన. సైన్సు చెప్పే ప్రొఫెసరమ్మ ఉంది, ఒక కళ్ళజోడు ముక్కు మీద, ఇంకోటి నెత్తి మీద. ఆవిడ కళ్ళజోడమ్మ. లైబ్రరీ చూసే ఆయన పుస్తకాలాయన. నాలుగో ఆయన ఇంజనీరు. ఏ బొమ్మ చూసినా "దీనికి గేటేదీ? తాళం ఎక్కడ?" అంటాడు. ఆయన పేరు తాళంకప్ప. పేర్లు నేను పెట్టినవే. వాళ్ళకింకా చెప్పలేదు.

రెండో నంబరు దగ్గర మొదలెట్టాను. అద్దాల మేడ. గదులు, బల్లలు, మెట్లు అన్నీ పైనుంచి కనిపిస్తున్నాయి. కప్పు లేదు! దులిపేశాను. "వానొస్తే పిల్లలు గొడుగులేసుకుని చదవాలా? ఇంతింత చదువులు చదివి కప్పు మర్చిపోతారా?" అధ్యక్షులవారు బల్ల మీద పక్కన పెట్టిన మూత తీసి మెల్లిగా దాని మీద పెట్టారు. లోపల చూడటానికి తీసిపెడతారట.

"బాగా దులిపారమ్మా. దాని మీద దుమ్ము కూడా పోయింది" అన్నారాయన.

నేను కూడా నవ్వాను. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. పరువు పోయేటప్పుడు ముందు మనమే నవ్వెయ్యాలి.

రెండో నంబరుకి ముందు ఒక గేటుంది. మన మొహం చూసి తెరుచుకుంటుందట. తాళంకప్ప మురిసిపోతున్నాడు. "మొహం తెలియకపోతే?" అన్నాను. "తెరుచుకోదు" అన్నాడు. సరే, మనకి తెలిసిన గేటే అది.

తర్వాత ఏడో నంబరు. కాళ్ళు కదిలితే ఒట్టు.

మన వీధి ఉంది కదండీ, మన వీధే. అది తిన్నగా వచ్చి యూనివర్సిటీలో దూరి అటువైపు వెళ్ళిపోతుంది. చుట్టూ గోడ లేదు! వీధికి అటూ ఇటూ తరగతులు. వాటికి వీధివైపు మడత తలుపులు. తెరిస్తే పాఠం వీధిలోకి వచ్చేస్తుంది. తలుపుల ముందు పొడుగ్గా బెంచీలు. కూరల సంచీ పక్కన పెట్టుకుని ఎవరైనా కూచోవచ్చు, వినొచ్చు. కళ్ళజోడమ్మ కింద ఉన్న కాగితం చదివింది. "పాఠం ఎంతమంది విన్నా అరిగిపోదు" అని ఉందట.

మరోసారి చదవమన్నాను. చదివింది. ఇంకోసారి చదవమంటే కళ్ళజోడు మార్చుకుంది.

నాకేం చదువు మీద మోజు లేదు. ఈ వయసులో నేను విని ఏం చేస్తాను? బెంచీలు బాగున్నాయి, అంతే.

గురువారం

కోడలు వంటింట్లో పెద్ద బల్బు పెట్టించింది. మెట్ల దగ్గర ఇంకోటి. ఇల్లు పెళ్ళివారిల్లులా ఉంది. కరెంటేమన్నా ఊరికే వస్తోందా?

ఆ పిల్ల సంగతి రాయండి. మా అబ్బాయి రైళ్ళు నడుపుతాడు, ఇంట్లో ఉండేది తక్కువ. ఉండేది ఆవిడే. భవనాలు గీసే పెద్ద ఆఫీసులో ఉద్యోగం, ఉన్నట్టుండి మానేసింది. సొంతంగా గీస్తుందట. ఇప్పుడేదో ఆసుపత్రి పనట. మేడ మీద ఈయన పాత కుట్టుగది ఆక్రమించింది. పగలంతా అట్టలు కొయ్యడం, కంచాల మీద జిగురు. నా మోకాళ్ళకి మేడ ఎక్కడం కుదరదు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ గదిని ఏడో నంబరు అంత శుభ్రంగా పెట్టించేదాన్ని. ఏడో నంబరు చూసి నేర్చుకోవాలి ఇలాంటివాళ్ళు. మాట బయట పొక్కకూడదు కాబట్టి చెప్పలేకపోతున్నా గానీ, నోటి చివరిదాకా వస్తోంది.

ఈయన కూడా రోజూ మేడ మీదే కునుకు తీస్తున్నారు. దర్జీ పని మానేసినా ఆ గది మీద మమకారం పోలేదు.

ఒకటి చెప్పడం మర్చిపోయాను. ఏడో నంబరు బెంచీల మీద ఒక అట్ట ముసలమ్మ ఉంది. మిగతా బెంచీల మీద కుర్రాళ్ళు, దీని మీద ముసలమ్మ. ఒక కాలు మడిచి కింద పెట్టుకుని, ఇంకో కాలు వేలాడేసి, ఎవరినో వేలు చూపించి తిడుతోంది. అచ్చు నాలాగే!

ఈయన కలం ఆగింది. సిరా అయిపోయిందట. నిన్నే కదా పోశారు?

లోకంలో నాలా కూచునే ముసలమ్మలకి కరువా, ఎవరో చూసి కత్తిరించి ఉంటారు.

శుక్రవారం

ఇవాళ యుద్ధం.

తాళంకప్ప, అధ్యక్షులవారు రెండో నంబరు వైపు. నేను, కళ్ళజోడమ్మ ఏడో నంబరు. పుస్తకాలాయన గోడమీద పిల్లి.

తాళంకప్ప అన్నాడు కదా, "అమ్మా, మీకు తెలీదు. నేను పనిచేసిన కాలేజీలో ఒక్క సెలవుల్లో ల్యాబు మొత్తం ఖాళీ చేసి పట్టుకుపోయారు. మైక్రోస్కోపులు, తీగలు, ఆఖరికి కుళాయిలు కూడా. గోడ ఉంటేనే అలా, లేకపోతే?"

నిజమే కదా అనిపించింది. కళ్ళజోడమ్మ చెప్పింది, సాయంత్రం మడత తలుపులు మూస్తే ఒక్కో తరగతీ పెట్టెలా బిగుసుకుంటుందని, కాగితంలో అదీ ఉందని. తాళంకప్ప కాగితం లాక్కుని చదివాడు. "హూఁ" అన్నాడు. ఆయన "హూఁ" ఒప్పుకోవడం కాదు, అలాగని కాదనడమూ కాదు.

అప్పుడు నేను పుస్తకాలాయన్ని పట్టుకున్నాను. "మీ లైబ్రరీలో ఎవరూ ముట్టుకోని పుస్తకాలు ఉన్నాయా?" అన్నాను. "చాలా ఉన్నాయండీ" అన్నాడు దిగులుగా. "అవెందుకు ముట్టుకోలేదు? లోపలికి రానివాళ్ళలో వాటికి పాఠకులు ఉన్నారేమో!" అన్నాను. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. దుమ్మని అన్నాడు.

ఆయన మనవైపు దూకేశాడు! ముగ్గురం! వాళ్ళు ఇద్దరే! వచ్చే శుక్రవారం అసలు ఓటు. రాయండి, "ఏడో నంబరు గెలిచినట్టే" అని రాయండి. రెండుసార్లు రాయండి.

ఆదివారం

గెలిచినట్టే.

సోమవారం

ఇది ఎలా చెప్పాలో తెలీక పొద్దుట్నుంచీ తిరుగుతున్నాను. కూచోండి. కలం పట్టుకోండి. తల ఎత్తకండి.

ఇవాళ ఆఖరిసారి బొమ్మలు చూసుకోమన్నారు. భూతద్దాలు ఇచ్చారు. నేను ఏడో నంబరు ముసలమ్మ దగ్గరికి వెళ్ళాను, ఊరికే పలకరిద్దామని. భూతద్దంలో చూస్తే దాని జుట్టు ముడి కనిపించింది. తెల్లదారంతో వేశారు. మామూలు ముడి కాదు. ఎడమచేతి వాటం మనిషి దారం రెండుసార్లు తిప్పి లోపల్నుంచి లాగి, చివర కనిపించకుండా దాచేసే ముడి.

ఆ ముడి నాకు తెలుసు. నేను కాపురానికి వచ్చినప్పట్నుంచీ ఈ ఇంట్లో ఉన్న ప్రతి గుండీకీ అదే ముడి.

ఎడమచేత్తో రాస్తున్నారు కదండీ ఇప్పుడు?

చాలు. మూసెయ్యండి.

మంగళవారం

ఈ నాలుగు మాటలూ నా అంతట నేనే రాస్తున్నాను. ఆవిడ నాతో మాట్లాడటం లేదు. గిన్నెలతో మాట్లాడుతోంది. గిన్నెలు చాలా చెడ్డవని, నమ్మించి మోసం చేస్తాయని చెప్తోంది. గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటున్నాను.

కోడలికి మాటిచ్చాను, పోటీ సంగతి ఎవరికీ చెప్పనని. ఆవిడకి మాటిచ్చాను, జడ్జీ సంగతి ఎవరికీ చెప్పనని. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఎవరు కప్పో, ఎవరు పామో రాయను. ఆవిడ చదివించుకుంటుంది.

బుధవారం

చదివించుకున్నాను. పాము ఎవరో నాకు తెలుసు.

నిన్నంతా ఎందుకు మాట్లాడలేదంటే ఆలోచిస్తున్నాను కాబట్టి. కోపంతో కాదు. కోపం కూడా.

సంగతి ఇది. నేను నోరు మూసుకుంటే ఎల్లుండి ముగ్గురం కలిసి ఏడో నంబరుని గెలిపిస్తాం. ముడి సంగతి ఎవరికీ తెలీదు. నోరు తెరిస్తే, రూలు ప్రకారం బొమ్మ తీసి పడేస్తారు. పడెయ్యకపోయినా నా ఓటు పోతుంది. అప్పుడు చెరి ఇద్దరు. సమానమైతే అధ్యక్షులవారి మాటే ఆఖరు. ఆయన రెండో నంబరు మనిషి. ముందు నుయ్యి, వెనక గొయ్యి, మధ్యలో నేను, నా ముద్ర.

ఈయన మెల్లిగా అన్నారు, "నువ్వు దాన్ని ఇష్టపడినప్పుడు ఎవరిదో నీకు తెలీదు కదా. తప్పేముంది?"

తప్పు లేదు. నిజమే. కానీ రేపు గెలిచాక ఎవడో ఒకడు కవరు విప్పి ఇంటి అడ్రసు చూస్తాడు. అత్త గెలిపించిందంటారు. నా కోడలికి ఇంకొకరు గెలిపించేంత గతి పట్టలేదు! అలాంటిది గీసిన చెయ్యి అది! ఆ వీధిని అలా తిన్నగా లోపలికి నడిపించిన చెయ్యి!

ఈ మాట రాయకండి. రాసేశారా? సరే, ఉండనివ్వండి. ఆవిడకి చూపించకండి.

కోడల్ని వంటింట్లో పట్టుకున్నాను.

"అమ్మాయ్, నేను కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళడం లేదు."

"అయ్యో అత్తయ్యా! మానేశారా? చూపు బాగా తగ్గిందనే కదా ఇన్ని బల్బులు పెట్టించాను!"

"నువ్వు ఆసుపత్రి గీయడం లేదు."

చేతిలో గరిట ఆగిపోయింది. మావయ్య వైపు చూసింది. మావయ్య పైకప్పు వైపు చూశారు.

"ఏడో నంబరు" అన్నాను. "నేను జడ్జీని."

కోడలు పొయ్యి కట్టేసింది. తర్వాత ఆ పిల్ల నేల మీద చతికిలబడి నవ్వడం మొదలెట్టింది. నవ్వి, నవ్వి, కళ్ళనీళ్ళు పెట్టుకుని, "మీరా? జడ్జీ మీరా? నేను మీకు భయపడి ఇంట్లో ఆసుపత్రి అని అబద్ధం చెప్తే, అక్కడ కూచున్నది మీరేనా!" అంటుంది. నేను కూడా నవ్వాను. మోకాళ్ళ వల్ల కింద కూచోలేక, నించునే నవ్వాను. ఆ నవ్వు ఎప్పుడు ఏడుపులోకి తిరిగిందో తెలీదు, ఆవిడకి.

"చెప్పేస్తారా?" అంది.

"చెప్తాను."

"అత్తయ్యా, ఉద్యోగం మానేసి గీశాను. రెండు రోజులు నోరు మూసుకుంటే అయిపోతుంది!"

"నోరు మూసుకోవడం నాకు రాదని నీకు తెలుసు కదే. వచ్చుంటే మనిద్దరికీ ఇన్ని గొడవలెందుకు?"

కోపంగా మేడ మీదికి వెళ్ళిపోయింది. సగం మెట్ల దగ్గర ఆగి, "మీకు నిజంగా నచ్చిందా?" అని అడిగింది. నా వైపు తిరక్కుండానే.

"బెంచీలు బాగున్నాయి" అన్నాను.

గురువారం

ఇది రేపు వాళ్ళకి చెప్పబోయేది. ముందు ఇందులో రాయించుకుంటున్నాను, నోటికి రావాలి కదా. "విన్నవించుకుంటున్నాను" అని రాశారీయన. కొట్టెయ్యండి. "చెప్తున్నాను" అని రాయండి.

అయ్యా, అమ్మా. చెప్తున్నాను. ఏడో నంబరు చేసింది నా కోడలు. నాకు సోమవారం తెలిసింది. ముద్ర వేసిన నాడు తెలీదు, ఏడో నంబరుని వెనకేసుకొచ్చిన నాడూ తెలీదు. కోడలికి నేను జడ్జీనని తెలీదు. ఒకే ఇంట్లో ఉంటాం, అయినా తెలీదు. మా ఇల్లు అలాంటిది.

రూలు ప్రకారం ఒకరు పోవాలి. నేను పోతాను. బొమ్మని ఉంచండి. తప్పు మనిషిది, బొమ్మది కాదు. నన్ను చూసి దాన్ని పడేస్తే, కప్పు తీసిపెట్టారని ఇంటిని తిట్టినట్టే. ఆ పని నేను ఒకసారి చేశాను. మీరంతా చూశారు.

ఇక రెండో మాట. ఇది జడ్జీగా కాదు, పొరుగింటి మనిషిగా. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచీ మా ఎదురుగా మీ పాత కాలేజీ గోడే. పైన గాజుపెంకులు. గాలి ఇటు తిరిగిన రోజున లోపలి పాఠం మా గుమ్మం దాకా వస్తుంది. ఒకాయన గొంతు నాకు బాగా తెలుసు. ఆయన మొహం నేను చూడలేదు. ఏటా ఒకసారి "చంద్రుడు మనకి ఎప్పుడూ ఒకవైపే కనిపిస్తాడు, ఎందుకంటే" అంటాడు. అనగానే బస్సు వస్తుంది. ఏటా! ఆయన ఎందుకంటే అంటాడు, బస్సు వస్తుంది. ఎందుకో నాకు ఇంతవరకూ తెలీదు.

నాకు చదువు మీద మోజు లేదని అందరితో చెప్తూ వచ్చాను. ఈయన రాస్తున్న ఈ పుస్తకంలో కూడా చెప్పాను.

ఉంది.

అయ్యా, ఆ బస్సు ఎప్పుడో ఒకప్పుడు వెళ్ళిపోతుంది. గోడే వెళ్ళదు. నాలాంటివాళ్ళు ఈ ఊళ్ళో చాలామంది ఉన్నారు. మేమేం పట్టుకుపోం. పట్టుకుపోయినా అరిగేది కాదని ఏడో నంబరు కాగితంలోనే ఉంది.

ఇంతే. ఈయన కళ్ళు తుడుచుకుంటున్నారు. కాగితం తడపకండి, రేపు వాళ్ళకి శుభ్రంగా తిరగరాసి ఇవ్వాలి.

శుక్రవారం

చెప్పాను. రాయించినట్టు చెప్పలేదు. మధ్యలో మర్చిపోయి తాళంకప్పని తాళంకప్ప అనేశాను. ఆయన కుర్చీలో నిటారుగా అయ్యాడు. కళ్ళజోడమ్మ రెండు కళ్ళజోళ్ళూ తీసేసి నవ్వు ఆపుకుంది.

నన్ను వరండాలో కూచోమన్నారు. నా పేరు కార్డు, నీళ్ళ సీసా లోపలే ఉండిపోయాయి. ఆ సీసా నాకు నచ్చింది కూడా. లోపల కేకలు, తర్వాత నిశ్శబ్దం, తర్వాత మళ్ళీ కేకలు.

అధ్యక్షులవారే బయటికి వచ్చారు. పక్కన కూచున్నారు. "అమ్మా, మీ ముద్ర కొట్టేశాం. బొమ్మని ఉంచాం" అన్నారు.

"తర్వాత?"

"చెరి ఇద్దరం అయ్యాం. ఆఖరి మాట నాదే, కానీ మీ మాట విన్నాక రెండో నంబరు అనడానికి నోరు రాలేదు. అప్పుడు ఇంజనీరుగారు అన్నారు, గోడ పెడితే ఏడో నంబరుకి నేనూ ఒప్పుకుంటానని. నేనూ సరేనన్నాను. ఏడో నంబరే గెలిచింది. షరతు ఒక్కటే. వీధికి రెండువైపులా గోడ ఉండాలి."

గెలిచింది! గోడతో! లేవాలో కూచోవాలో తెలీలేదు. ఆయన్ని దీవించాలో తిట్టాలో తెలీలేదు. రెండూ చేశాను. విన్నారు. లేచి వెళ్ళిపోతూ, "షరతు నేనే రాశానమ్మా. చాలా చిన్నగా రాశాను" అన్నారు. నవ్వారు కూడా. ఎందుకు నవ్వారో!

శనివారం

కోడలు భోజనం చెయ్యలేదు. గెలిచి ఏడుస్తున్న మనిషిని మొదటిసారి చూస్తున్నా. "గోడ పెడితే అది ఏడో నంబరు కాదు. గోడ ఉన్న ఇంకో కాలేజీ" అంటుంది.

నేను అన్నాను, ఇప్పుడు నేను జడ్జీని కాదు, నోరు తెరిచే హక్కు వచ్చింది, ఏదీ ఆ షరతు చదువు. చదివింది. "వీధికి ఇరుపక్కలా గోడ నిర్మించాలి."

"ఇంకా?"

"ఇంకేం లేదు."

"ఎత్తు?"

"ఎత్తు..." అని ఆగిపోయింది. కాగితం తిప్పి చూసింది. మళ్ళీ ఇటు తిప్పింది. నా మొహంలోకి చూసింది. నేను ఆవిడ మొహంలోకి చూశాను. ఇన్నేళ్ళలో మేమిద్దరం ఒకే మాట ఒకేసారి అనుకోవడం ఇదే మొదలు. ఒళ్ళు జలదరించింది.

"మావయ్యా, టేపు!" అని అరిచింది.

ఈయన వచ్చి నేల మీద మోకాళ్ళూని నా కాలు కొలిచారు. నేల నుంచి మోకాలి వెనక మడత దాకా. ఊరందరి కాళ్ళూ కొలిచిన మనిషి, నా కాలు కొలిచి, నమ్మకం లేక మళ్ళీ కొలిచారు. "సరిగ్గా కొలవండి. ఇది ప్యాంటు కాదు, యూనివర్సిటీ" అన్నాను.

కోడలు నేల మీదే కాగితాలు పరిచి గీస్తోంది. బెంచీలు తీసేసింది. వాటి చోట గోడ. వీధి పొడుగూతా అటొకటి, ఇటొకటి, మనిషి కూచునేంత ఎత్తు. పైన నున్నటి చెక్క. "వెడల్పు పెంచు, కూరల సంచీ పక్కన పట్టాలి" అన్నాను. "సరే అత్తయ్యా." "ఎండ?" "చూరు ముందుకి లాగుతా." "బస్సు?" ఆగింది. "బస్సుని వెనక రోడ్డుకి తిప్పించాలి. గీస్తాను, ఒప్పుకుంటారో లేదో." "ఒప్పుకోకపోతే నేను మాట్లాడతాను." "మీరు మాట్లాడకండి అత్తయ్యా, మీకు దణ్ణం పెడతాను!"

పెద్ద బల్బుల కింద గీస్తోంది. కరెంటు కాలనివ్వండి.

మరో బుధవారం

దిద్దిన బొమ్మని ఇవాళ హాల్లో అందరి ముందూ పెట్టారు. నేను వెనక, జనం కుర్చీల్లో. సీసా లేదు. ఫర్వాలేదు.

తాళంకప్ప వంగి చూశాడు. ఇంకా వంగాడు. "ఇదేంటి? గోడేదీ?"

"అదే గోడండీ" అంది కోడలు.

"ఇది మోకాలంతే ఉంది!"

"షరతులో ఎత్తు రాయలేదండీ" అన్నారు అధ్యక్షులవారు, కిటికీలోంచి బయటికి చూస్తూ.

"ఎందుకు రాయలేదు?"

"మీరు అడగలేదు."

తాళంకప్ప నా వైపు తిరిగాడు. "దొంగలు దాటరా అమ్మా దీన్ని?"

కోడలు నా వైపు చూసింది. వద్దన్నట్టు చూసింది. నేను లేచాను.

"దాటుతారు బాబూ. దాటే ముందు కాసేపు కూచుంటారు. కూచుంటే పాఠం వినపడుతుంది. మీ తాళాలు మీ తలుపులకి వెయ్యండి, ఎవరొద్దన్నారు? గోడకి వెయ్యకండి."

ఆయన బొమ్మలో గోడ పక్కన వేలు పెట్టి ఎత్తు చూసుకున్నాడు. తర్వాత, "నన్ను తాళంకప్ప అన్నారు మీరు" అన్నాడు.

"అన్నాను."

"మా ఆవిడ కూడా అంతే అంటుంది" అని నవ్వేశాడు. నవ్వుతూనే సంతకం పెట్టేశాడు! ఆయనకి పళ్ళున్నాయని ఇవాళే తెలిసింది. "హూఁ" కూడా అనలేదు. పుస్తకాలాయన చప్పట్లు కొట్టాడు, లైబ్రరీ మనిషి, ఎప్పుడైనా గట్టిగా చప్పుడు చేశాడో లేదో! కళ్ళజోడమ్మ ఏడ్చింది, ఏ కళ్ళజోడు తుడవాలో తెలీక రెండూ తుడిచింది. నా కోడలు అంతమందిలో పరిగెత్తుకుంటూ వచ్చి నన్ను వాటేసుకుంది. జుట్టంతా జిగురు. నేను ఒక్క మాట అనలేదు. ఒక్క మాటంటే ఒక్క మాట. ఇంటికొచ్చాక అన్నాను.

మా వాడికి ఫోన్ చేస్తే రైల్లోంచే కూత వేశాడు.

కట్టడానికి నాలుగేళ్ళు పడుతుందట. నా వయసు చూసి కోడలు ఆ మాట మెల్లిగా చెప్పింది. మెల్లిగా ఎందుకు? నేను చావను. మొదటి పాఠం విని, అర్థం కాకపోతే మళ్ళీ చెప్పించుకుని, అప్పుడాలోచిస్తాను. మిమ్మల్ని కూడా చావనివ్వను, నా పక్కన ఒకరు కూచోవాలి, పాఠంలో రాసుకోవాల్సినవి ఉంటాయి. అది రాయండి. రాశారా? ఏదీ, చదవండి.